సీసా అడుగు పొడి

నారాయణఖేడ్ ప్రేమదాసు కూతురు గ్లోరీది చెప్పలేనంత మొండితనం. ఈడు పిల్లలు టీచరు ట్రైనింగులకు పోతే, తను హైదరాబాదులో భౌతికశాస్త్ర పరిశోధనలో చేరింది. టాంటలం, సెలీనియం పొడులు కలిపి, గొట్టంలో మూసి, కొలిమిలో పెట్టి స్ఫటికాలు పెంచడం ఆమె పని. ఆ నల్లటి పలకలను బాగా చల్లబరిస్తే లోపలి ఎలక్ట్రాన్లు ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలుచగా, గొర్రుతో విత్తిన సాళ్లలా వరుసలు కడతాయి. ఆవేశ సాంద్రతా తరంగం అంటారు దాన్ని.

నాలుగేళ్లకు ఆమెకో వింత కనిపించింది. పలకను పల్చగా చీలిస్తే వరుసలు చెదిరిపోతున్నాయి. డాక్టరేటుకు అదే ఆధారం. వ్యాసం పత్రికకు పంపి, ఫలితం వచ్చేలోగా ఇంటికి వచ్చింది.

శనివారం పొద్దున తల్లి రిబ్కమ్మ జొన్నల డబ్బా నింపుతోంది. అడుగున ఉన్న పాత జొన్నల మీదే కొత్తవి పోస్తుంటే, పురుగు పడుతుంది, ముందు అవి తీసెయ్యమంది గ్లోరీ.

"డబ్బా అడుగు ఊడ్చొద్దు బిడ్డా. పాతయి పిడికెడన్న ఉండాలె, లేకుంటే ఇంట్ల బర్కత్ పోతది, గింజ నిలువది. ఫోన్ల చూసిన, ల్యాబుల నీ సీసా నువ్వు గూడ గిట్లనే నింపుతవు గదా," అంది రిబ్కమ్మ.

గ్లోరీ డబ్బాలోకి వంగి చూసింది. ల్యాబులో పొడులు కలిపే సీసా సీనియర్ శ్రీకాంత్ వదిలి వెళ్లినది. అతను నియోబియం కూడా కలిపేవాడు. అడుగున మిగిలిన అతని పొడి మీదే తను కొత్తది పోసింది, ప్రతిసారీ. మిల్లీగ్రాముల్లో తూచే మనిషి చేసే పనేనా ఇది! చేనులో బండలు అడ్డం పడితే సాలు వంకరపోయి తెగినట్టు, అక్కడక్కడా చొరబడ్డ నియోబియం పరమాణువులే వరుసలను తెంపాయి. పోల్చడానికి తీసుకున్న మందపు పలకలు ఆ సీసా చేతికి రాకముందువి. పల్చగా చీల్చినవన్నీ తర్వాత పెంచినవి. పల్చదనానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నాలుగేళ్లు బూడిదలో పోసినట్టే అనుకుంటే ఏడుపు కూడా రాలేదు.

అంతలో గైడు ఫోను. వ్యాసం అచ్చుకు తీసుకున్నారట, ఆయన సంబరానికి పట్టపగ్గాల్లేవు. గ్లోరీ ఆయన్ను ఆపి, సీసా సంగతంతా చెప్పేసింది.

"ఈ విషయం నీకు కాక ఇంకెవరికి తెలుసు?" అని అడిగాడు ఆయన.

గ్లోరీ తన చెవులను తనే నమ్మలేకపోయింది. నాలుగేళ్లుగా తనకు నిజాయితీ గురించి చెప్పిన గొంతు అది.

"ఇప్పుడు మీకు తెలుసు సార్," అంది.