కెపాసిటర్ ఒక్కటి ఇయ్యి చాలు

మొన్న ఆదివారం ఇంటినిండ చుట్టాలను పిలిచి, తిన్నోళ్లకు చెయ్యి కడుక్కునేతందుకు నీళ్లు లేకుండ జేసిన మొనగాడెవడో ఎర్కేనా? నేనే! ఇనుర్రి. నవ్వినా ఏమనుకోను.

నాది బెల్లంపల్లి. కంప్యూటర్ మీద ఇంటి ప్లాన్లు గీస్త. ఒకప్పుడు నా షాపుల మేస్త్రీలు కూసునేతందుకు జాగ ఉండకపోయేది. ఇప్పుడు? వచ్చినోడు కుర్సీల కూసోకముందే ఫోన్ తీస్తుండు. "అన్నా, ఏఐతోని ప్లాన్ గీయించిన. జర కొలతలు సరిగున్నయో లేవో చూడు." చూసి చెప్తె చాయ్ తాగి పోతుండు. అది గూడ నా చాయే!

నా బామ్మర్ది రాజేశం బోరు మోటర్ల మెకానిక్. కలిసినప్పుడల్ల ఒకటే ముచ్చట: "బావా, ఏఐ నీ కుర్సీల కూసుంటది గని, నా లెక్క బురదల నిలబడతదా?" వాడు నవ్వుకుంట అంటడు. నాకు కడుపుల మండుతది.

ఇగ ఆదివారం నాడు మా బిడ్డ పుట్టినరోజు దావత్. పొయ్యి మీద మటన్ ఉడుకుతంది. మోటర్ ఆన్ జేస్తె ఊఁ... అని మూలుగుతంది గని సుక్క నీళ్లు వస్తలేవు. "మా తమ్మునికి ఫోన్ చెయ్యి" అన్నది మా ఇంటామె స్వరూప. నాకు అప్పుడే ఎక్కడలేని ఉషారొచ్చింది. స్టార్టర్ డబ్బ ఫోటో తీసిన. మూలుగుడు రికార్డ్ జేసిన. ఏఐని అడిగిన. టక్కున జెప్పింది: డబ్బల ఉండే, మోటర్‌ను మొదలువెట్టి తిప్పే కెపాసిటర్ పోయి ఉండొచ్చు.

ఇగ జూస్కో! రాజేశానికి ఫోన్ కొట్టిన.

"కెపాసిటర్ ఒక్కటి ఇయ్యి చాలు. నేనే వచ్చి తీస్కపోత."

"ఆగు బావా, దావత్‌కు వస్తనే ఉన్న గద, నేనే మోటర్ చూస్త."

"చూసుడేంది? రోగం ఫోన్ జెప్పింది. సామాన్ ఇయ్యి."

"నువ్వు గూడనా బావా?" అన్నడు. పెట్టేసిండు.

వానింటికి పోయి కెపాసిటర్ తెచ్చి బిగించిన. బటన్ ఒత్తిన. మూలుగుడే! స్టార్టర్ టప్పున ట్రిప్పై బందైంది. మళ్ల ఒత్తిన. మళ్ల బందైంది. ఫోన్ జెప్పినంక నడవకుండ ఎట్లుంటది? పట్టువట్టి ఒత్తుడే ఒత్తుడు. ఆఖరికి కాలిన వాసన డబ్బల నుంచి వస్తుందా, మటన్ నుంచి వస్తుందా అని స్వరూప ఉరికొచ్చింది. మటన్ మంచిగనే ఉంది.

అప్పుడు జూసిన ఫోన్ల. కింద ఇంకో ముక్క ఉండె: 'మార్చినా నడవకపోతే మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి, మెకానిక్‌ను పిలవండి.' నేను సదవనే లేదు.

మొదటి పంక్తి లేచే యాల్లకు ట్యాంక్ ఖాళీ. స్వరూప మేనమామ లింగయ్య మామ ఎంగిలి చెయ్యి గాలిల పెట్టుకొని, "అల్లుడా, నల్లల నీళ్లు వస్తలేవు!" అని అరుస్తుండు. సిగ్గు ఇడిసి రాజేశాన్నే పిలిచిన.

వాడొచ్చేదాక మామ ఊకుంటడా? ఎడమ చేత్తోని ఫోన్ తీసి, తన కొత్త ఇంటి ప్లాన్ జూపిచ్చిండు. అది గూడ ఏఐదే. గుర్రుమన్న గని, చూస్తె దాంట్ల మెట్లు వంటింటి కిటికీకి అడ్డమొచ్చినయి. నాకు పానం లేచొచ్చింది. పదిమంది ఇనేటట్టు అన్న, "చూసిన్రా! మెట్లను ఈ దిక్కుకు తిప్పాలె, కిటికీ తూర్పుకు రావాలె. గిది మనిషికే తెలుస్తది!"

మామ నేనన్నది అన్నట్టే ఫోన్ల ఏఐకి జెప్పిండు. నేను నోరు మూయకముందే కొత్త ప్లాన్ వచ్చింది. మెట్లు తిరిగినయి. కిటికీ తూర్పుకు పోయింది.

"మంచిగ జెప్పినవ్ అల్లుడా," అన్నడు మామ.

రాజేశం వచ్చిండు. నవ్వుతడనుకున్న, నవ్వలే. పైపులు గుంజేటోడు ఎవ్వడు దొరకక ఒక్కడే వచ్చిండు. నేనే లుంగి ఎగ్గట్టి ఓ చెయ్యి ఏసిన. పైపులు గుంజంగ గుంజంగ బోరుల నుంచి మోటర్ పైకొచ్చింది. "ఇసుక పట్టి జామైంది బావా. నువ్వు ఒత్తి ఒత్తి వైండింగ్ కాలవెట్టినవ్. ఇయ్యాల నడవదు."

"మరి నీ పనికి ఢోకా లేదుపో," అన్న.

రాజేశం బోరు గడ్డ మీద కూసున్నడు. "నీ పని మొత్తమే పోతంది. నా పని పోదు, దాని ఇలువ పోతంది. ఇదివరకు రోగం జెప్పేటోన్ని. ఇప్పుడు రోగం ఫోన్ జెప్తంది, నేను పైపులు మోస్తున్న. అందరు సామాన్ ఇయ్యమనేటోళ్లే. ఇయ్యాల నువ్వు గూడ అన్నవ్."

ఇన్నేండ్లు మౌస్ పట్టిన అరచేతులు బొబ్బలెక్కి మండుతున్నయి.

వాడే లేచి నా భుజం తట్టిండు. "బాగనే గుంజినవ్ బావా. రేపు చెన్నూర్ల ఇంకో బోరుంది, మనిషి దొరుకుతలేడు. వస్తవా?"

అందరు పక్కున నవ్విండ్రు. నేను గూడ నవ్విన. నవ్వుకుంటనే అడిగిన:

"పొద్దుగాల ఎన్ని గంటలకు రావాలె?"

వాడు తమాషా అనుకున్నడు.