ఖాళీ అయిన సీట్లలో మేము

డిగ్రీ అయిపోయి, టీచర్ ఉద్యోగానికి పరీక్ష రాసి, ఫలితం కోసం చూస్తూ నేను ఏన్కూరులో మా చిన్నమ్మ ఇంట్లో ఉన్న రోజులవి. చిన్నమ్మకు పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోయిండు, పిల్లలు లేరు. వసారాలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. వయసు నలభై దాటినా చుట్టాల కాన్పులకూ చావులకూ తప్ప గడప దాటి ఎరగదు. ఆమె మిషన్ తొక్కుతుంటే నేను పక్కన కూర్చుని ఉక్సులు కుట్టేదాన్ని. కొత్తగూడెం దిక్కు పోయే బస్సులను చూస్తూ ఇద్దరికీ మధ్యాహ్నాలు గడిచిపోయేవి.

ఒకరోజు ఖమ్మంలో ట్రావెల్స్ నడిపే ఒకాయన సీటు కవర్లు కుట్టించుకోవడానికి వచ్చిండు. అందరూ ఆయన్ని భాయ్ అనేవాళ్లు. చిన్న బస్సుల్లో జనాన్ని భద్రాచలం, పాపికొండలు, మారేడుమిల్లి ఘాట్ మీదుగా అరకు తిప్పేవాడు. కొలతలు చెప్తూ మాటల్లో తన బాధ చెప్పుకున్నాడు.

"బయల్దేరే పొద్దుగాల ఫోన్ చేసి రామంటరమ్మా. జరం అంటరు, చుట్టాలొచ్చిన్రంటరు. ఆ సీటు గట్లనే ఖాళీగ పోతది."

చిన్నమ్మ టేపు మెడలో వేసుకుని కాసేపు రోడ్డు వైపు చూసింది.

"ఖాళీగ పోయేదానికి మమ్మల్ని పిలువుండ్రి భాయ్. మీ బండి మా ఇంటి ముంగట్నుంచే గదా పోయేది. సగం కిరాయి ఇస్తం."

"జల్దీ తయారు కావాలె మరి. ఏ ఊరన్నది ముందుగాల చెప్పలేను."

"చెప్పకుండ్రి. మాకు ఏ ఊరైనా కొత్తదే."

భాయ్ నవ్వి ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రమే చిన్నమ్మ ఒక సంచి సర్ది తలుపు వెనక మేకుకు తగిలించింది. చీరలు, దుప్పటి, సూదీ దారం.

భాయ్ దగ్గర్నుంచి నా ఫోన్ ఎప్పుడు మోగుతుందో తెలిసేది కాదు. మోగిందంటే మిషన్ మీద సగం కుట్టిన జాకెట్ అట్లనే ఉండిపోయేది. పొయ్యి మీద ఏది ఉడికి ఉంటే అది గిన్నెతో సహా పట్టుకుని రోడ్డు మీద నిలబడేవాళ్లం. ఒకసారి పప్పు గిన్నె ఒళ్లో పెట్టుకునే అడవులన్నీ దాటినాం. చలికాలంలో అరకుకు పలచటి నూలు చీరలతో పోయి, ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని మంచులో నడిచినాం. పక్క సీట్ల వాళ్లు మమ్మల్ని చూసి నవ్వితే చిన్నమ్మ కూడా వాళ్లతో పాటు నవ్వింది.

ఏ గుడికి పోయినా చిన్నమ్మ మొదట కొట్టే కొబ్బరికాయ మా కోసం కాదు, రాలేకపోయిన వాళ్ల కోసం.

"మన సీటామెకు జరం తగ్గాలె," అని మొక్కేది. ఆమె ఎవరో మాకు తెలియదు. ఖమ్మంలో ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో మూలుగుతూ పడుకుంటే, ఆ కిటికీ పక్కన కూర్చుని మేం అడవి చూస్తున్నాం. టేకు చెట్లు ఒకదాని వెనక ఒకటి తిరిగిపోతుంటే, నేను నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో తెలియకుండా ఆ మనిషి ముఖం ఊహించుకునేదాన్ని.

ఒక ఎండాకాలం పాపికొండలకు పిలుపు వచ్చింది. గోదావరిలో నీళ్లు తగ్గినయని భయపడి చాలామంది మానుకున్నారట. లాంచీ సగానికి పైగా ఖాళీ. నడిపే సరంగు నీళ్ల రంగు చూసుకుంటూ మెల్లగా పోనిచ్చినా, కొండలు ఇంకా దూరంగా నీలంగా ఉండగానే అడుగున ఇసుక గరగరమని తగిలి లాంచీ ఆగిపోయింది. ఇంకో లాంచీ వచ్చి లాగేదాకా కదలదన్నాడు. కొందరు పైసలు వాపసియ్యమని ఆయన మీదికి పోయిన్రు.

చిన్నమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నీళ్లలోకి దిగింది. నాకు భయమేసింది.

"చిన్నమ్మా, ఈత రాదు నీకు."

"మోకాళ్లు కూడా మునుగుతలేవు. రా."

చెయ్యి పట్టుకుని ఇసుక తిన్నె దాకా నడిచినాం. నది అంత వెడల్పూ మాదే అన్నట్టుంది. ఒడ్డున ఉన్న చిన్న గూడెం నుంచి ఒక ముసలామె పడవ మీద తాటికాయలు తెచ్చి, అక్కడే చెక్కి ముంజలు తీసిచ్చింది. ఆమెది కోయ భాష, మాది తెలుగు. రెండు మూడు మాటలు కలిసినయి, మిగతావి కలవలేదు. ఆమె రవిక భుజం దగ్గర చినిగి ఉంది. చిన్నమ్మ సంచిలోంచి సూది తీసి, వేలితో ఆ చిరుగు చూపించి, తల ఊపి అడిగింది. ముసలామె భుజం దగ్గరికి జరిపింది. ఒంటి మీద ఉండగానే, సూది గుచ్చుకోకుండా చిన్నమ్మ నెమ్మదిగా కుట్టింది. కుట్టినంతసేపూ ముసలామె కళ్లు మూసుకుని సన్నగా ఏదో పాడుకుంది. ఆ పాట వింటూనే నేను తడి ఇసుక మీద నిద్రపోయినట్టున్నాను. లేచేసరికి ఎండ వాలింది. వాళ్లిద్దరూ కాళ్లు నీళ్లలో పెట్టుకుని, మాటల్లేకుండా కూర్చుని ఉన్నారు.

సాయంత్రానికి లాంచీ కదిలింది, కానీ వెనక్కే తిప్పినారు. పాపికొండలు చూడలేదని బస్సంతా గొణుగుతుంటే చిన్నమ్మ నిమ్మళంగా కూర్చుంది.

"నీకేం అనిపిస్తలేదా?" అని అడిగినా.

"కాన్పుకు గాదు, చావుకు గాదు, నా అంతట నేను ఎవరి పక్కనన్నా గంతసేపు కూసోని ఎన్నేండ్లయిందో," అంది. నా తల తన భుజానికి ఆనించుకుంది.

ఆ వానాకాలం నాకు ఉద్యోగం వచ్చింది, బోనకల్ దగ్గర బడిలో. సెలవు అడగకుండా కదిలే వీలు పోయింది. నేను లేకపోతే మానేస్తుందనుకున్నాను. మానలేదు. ఒంటరిగానే పోవడం మొదలుపెట్టింది. ఒక చిన్న సెల్ ఫోన్ కూడా కొనుక్కుంది. ఒకరోజు పాఠం మధ్యలో నా ఫోన్ మోగితే బయటికి వచ్చి ఎత్తినా. చిన్నమ్మ గుసగుసగా మాట్లాడుతోంది.

"ఘాట్ ఎక్కుతున్నం బిడ్డా. ముసురు వడ్తున్నది. పక్క సీటామె నా భుజం మీద నిద్రవోయింది, లేస్తదేమో. మల్ల మాట్లాడుత."