కింది గదికి మారిన అయిదో తరగతి

బడిలో చేరిన వారానికే కొత్త టీచరమ్మ గొంతు బొంగురుపోయింది. అప్పటిదాకా ఆవిడ ఇంటి దగ్గర నలుగురైదుగురు పిల్లలకు చదువు చెప్పిన మనిషి. ఇక్కడ ఇచ్చింది మేడమీద అయిదో తరగతి, గది నిండా పిల్లలు. ఒక మూల సద్దుమణిగిందనుకునేలోపు ఇంకో మూల మొదలయ్యేది. ఒకరికి దాహం, ఒకరికి పెన్సిలు ముక్కు విరగడం, ఇద్దరికి కిటికీ పక్క చోటు కోసం తగువు. సాయంత్రం ఇంటికొచ్చి కూలబడితే అక్క ఉప్పు కలిపిన వేణ్ణీళ్లు చేతికిచ్చి, "కప్పల్ని తక్కెడలో తూస్తానని వెళ్లావు, గొంతు పోదూ మరి" అని నవ్వింది.

ఆ తరగతిలో ఒక అమ్మాయిని అందరూ వసపిట్ట అంటారు. ఎడమకాలికి ఇనప పట్టీల బూటు వేసుకుని గోడ పట్టుకు నడుస్తుంది గానీ, నోటికి ఏ ఆసరా అక్కర్లేదు.

బడిలో మంటలు అంటుకుంటే బయటికెలా రావాలో నేర్పడానికి ఒకరోజు గంట కొట్టారు. టీచరమ్మ వరస కట్టమంది. విన్నదెవరు? అందరూ ఒక్కసారే తలుపు మీద పడ్డారు. ఆ తోపులాటలో వసపిట్ట గుమ్మం దగ్గర బోర్లా పడింది. మోచెయ్యి కాస్త గీరుకుందంతే. ఆ పిల్ల దులుపుకుని లేచింది గానీ, టీచరమ్మ సాయంత్రం వెళ్లి జరిగింది హెడ్‌మాస్టారికి చెప్పింది.

ఇకనుంచి ఆ అమ్మాయిని అందరూ దిగాక చివర్న తీసుకురమ్మన్నారు హెడ్‌మాస్టారు. తరగతిలో ఆ మాటే చెబితే వసపిట్ట చెయ్యెత్తింది. అడిగి మాట్లాడటం ఆ పిల్లకి అదే మొదలు.

"నేను చివర్న దిగితే మీరూ నాతోనే ఉండిపోవాలి కదా టీచర్. కింద వీళ్లనెవరు చూస్తారు? పోనీ ముందు దిగితే అందరూ నా వెనక నత్తల్లా రావాలి."

"నిజమేనమ్మా, ఆలోచిస్తాను" అంది టీచరమ్మ.

బడి వదిలాక టీచరమ్మ ఆ పిల్ల వెనకే మెట్లు దిగింది. వసపిట్ట ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, కమ్మీ పట్టుకుని, దూకుతూ పోయేవాళ్లకి దారిచ్చి దిగుతోంది. తప్పు వరసలో లేదు, గదిలో ఉందని టీచరమ్మకి అప్పుడు తట్టింది.

కింద ఖాళీ గది లేదు. బయటి గుమ్మానికి దగ్గరున్నది ఆరో తరగతి, అందులో ఏళ్లుగా పాతుకుపోయిన, పిల్లలు ఉరుము మాస్టారనే పెద్దాయన. ఆయన్ని కదిలించడం కొండను కదిలించడమేనని తోటివాళ్లు హెచ్చరించారు. ఆవిడ భోజనాల వేళ వెళ్లి ఆయన ఎదుట నిలబడింది.

"ఏం కావాలమ్మా?"

"మీ గది కావాలి సార్."

కారణం కూడా చెప్పింది. పైన ఎండ ఎక్కువన్నారాయన, బోర్డు బాగోదన్నారు. అన్నం డబ్బా మూత పెట్టి, "ఇన్నాళ్లూ ఒక్కరూ నాతో అనలేదేం?" అన్నారు. మళ్లీ తనే, "నేను మాత్రం చూశానా" అనుకుని, మర్నాడు తన కుర్చీ తానే మోసుకుంటూ మేడెక్కారు.

కింది గదిలో ఇంకో లాభం కలిసొచ్చింది. పైన ఆయన గర్జిస్తుంటే ఎవరికి చివాట్లు పడుతున్నాయో వినాలని కింద పిల్లలు నోళ్లు మూసుకునేవారు. ఆ సందులో టీచరమ్మ పాఠం మొదలుపెట్టేది. బల్ల తర్వాత బల్ల లేవడం రోజూ నేర్పింది. మంచినీళ్లకైనా అంతే, ఇంటికైనా అంతే. అల్లరి పూర్తిగా పోలేదు, గొంతు మాత్రం నిలబడింది.

మళ్లీ గంట కొట్టిన రోజు అయిదో తరగతి బల్ల వెంట బల్లగా నడిచి ఆవరణలోకి వచ్చింది. వసపిట్ట వరస మధ్యలో, పక్కదానితో వాదిస్తూ. టీచరమ్మ తలలు లెక్కపెడితే ఒకటి ఎక్కువొచ్చింది. మళ్లీ లెక్కపెట్టినా అంతే. చూస్తే చివర్న రెండో తరగతి పాప ఒకతె బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వెక్కడిదానివే?"

"మీ వరస బాగుంది టీచర్" అంది పాప.

టీచరమ్మ దాని చెయ్యి పట్టుకుని, నవ్వాపుకుంటూ, కంగారుగా వెతుక్కుంటున్న రెండో తరగతి టీచరుకి అప్పజెప్పడానికి బయల్దేరింది.