గట్టు చెప్పిన సార్

బస్సు ఎల్లందులో ఆగగానే కిటికీలోంచి బొగ్గుల పొయ్యి పొగ లోపలికి వచ్చింది. ఇప్పుడు ఇళ్లన్నిటిలోనూ గ్యాసే. ఏ చాయ్ బండివాడో ఇంకా బొగ్గు వాడుతున్నట్టున్నాడు. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ప్రభాకర్ సార్ వరండా, ఆయన భార్య రాజేసే పొయ్యి, చాప మీద ఆయన కూతురు రమ్య, పక్కన నేను. మమ్మల్ని చూసినవాళ్లు అక్కచెల్లెళ్లా అని అడిగేవారు.

సార్ మా పదో తరగతికి ఇంగ్లీషు చెప్పేవాడు. నేను పినపాక దగ్గరి కోయపల్లె పిల్లను, ఎల్లందులో హాస్టల్లో ఉండేదాన్ని. సాయంత్రాలు, మా క్లాసులోనే ఉన్న రమ్యతో పాటు నాకూ ఊరికే చెప్పేవాడు. మాటల పుట్టుక అంటే ఆయనకు పిచ్చి. ఒకరోజు పెన్నూ పెన్సిలూ అక్కచెల్లెళ్లేనా అని అడిగితే ఇద్దరం అవునన్నాం.

"కాదే. లాటిన్ల ఈక అని అర్థమొచ్చే మాట నుంచి పెన్ను పుట్టింది. పెన్సిల్ ఏమో చిన్న తోక అని అర్థమొచ్చే మాట నుంచి. మొహాలు కలిసినయ్, గంతే!"

"మా ఊళ్ల గూడ గంతే సార్. కొత్తోళ్లొస్తే మొహం చూడం, నీది ఏ గట్టు అని అడుగుతం. గట్టు ఒకటైతే అన్నదమ్ములే" అన్నాను. గట్టు అంటే మా కోయల్లో ఒకే మూలం నుంచి వచ్చిన ఇళ్ల గుంపు.

సార్ ముఖం వెలిగిపోయింది. మర్నాటి నుంచి క్లాసులో ఏ మాట వచ్చినా 'దీని గట్టు ఏంది?' అనడమే. మేల్, ఫిమేల్ ఒక గట్టు కావట. హోస్ట్, గెస్ట్ చూడటానికి ఎక్కడా కలవవు కానీ మూలం ఒక్కటేనట. ఊళ్లో ఆయనకు గట్టు సార్ అని పేరొచ్చింది. ఆ మాట ఎక్కడిదో ఆయన ఎవరికీ చెప్పలేదు. అప్పట్లో నాకు అదీ గర్వంగానే ఉండేది.

దసరా సెలవుల్లో సార్ మోటారు సైకిల్ మీద మా ఊరొచ్చాడు. నాయన మంచం వాల్చి, మా పద్ధతి ప్రకారమే అడిగాడు. "సార్, మీది ఏ గట్టు?"

సార్ నవ్వాడు. "మీదే నాదన్నా."

"గట్లయితే నా తమ్మునివే. పిల్లకు చిన్నాయనవి" అని నాయన కోడిని కోయించాడు. అది హాస్యమని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. గట్టు విషయంలో హాస్యమాడేవాళ్లను మేం చూసి ఎరుగం.

పరీక్షలు దగ్గర పడ్డాక ఖమ్మంలోని ఒక కాలేజీ ఇంగ్లీషు పోటీ పెట్టింది. ఒక్కో బడి నుంచి ఒక్కరినే పంపాలి. గెలిస్తే ఇంటర్ రెండేళ్లూ చదువు, హాస్టలు ఉచితం. గెలవకపోతే నాకు మిరప కోతే గతి. ఇంగ్లీషులో ఎప్పుడూ మొదటి మార్కు నాదే కాబట్టి పంపేది నన్నే అనుకున్నాను. సార్ రమ్య పేరు పంపాడు.

వరండాలోకి వెళ్లి అడిగాను. ఆయన తల దించుకోలేదు కూడా.

"రమ్య నా బిడ్డ. నువ్వు నా దగ్గర చదివే పిల్లవు. చూసెటోళ్లకు ఒక్కతీరుగ కనిపిస్తరు గానీ, గట్టు వేరు గద నాగమణీ. నువ్వే చెప్పినవ్ గద?"

మా మాటనే తీసి నా మొహాన కొట్టాడు. ఆయన భార్య పొయ్యి దగ్గర్నుంచి "చాయ్ తాగి పో బిడ్డా" అంది. తాగకుండా వచ్చేశాను. రమ్య ఆ పోటీలో గెలవనూ లేదు.

సంగతి చెబితే నాయన నమ్మలేదు. "గట్టు చెప్పినంక తప్పుతడా మనిషి? ఆయనకేం కష్టమొచ్చిందో" అని నన్నే కోప్పడ్డాడు. నేను మిరప చేలల్లో చేతులు మండించుకుంటూ ప్రైవేటుగా ఇంటర్, డిగ్రీ కట్టి బయటపడ్డాక కూడా నాయన ఆ నమ్మకం వదల్లేదు. మంచాన పడినప్పుడు కూడా "మీ చిన్నాయనకు కబురు పెట్టినవా?" అన్నాడు. మా దగ్గర చావుకు గట్టువాళ్లు రావాలి.

"పెట్టిన నాయనా, వస్తుండు" అన్నాను. పెట్టలేదు. నాయన తలుపు వైపు చూస్తూనే పోయాడు.

ఇప్పుడు నేనూ ఇంగ్లీషు టీచర్నే. ఈ మాట గట్టు ఏంది అని పిల్లల్ని అడుగుతాను. ఎవరు నేర్పారు మేడం అంటే, మా నాయన అని చెబుతాను. పెన్నూ పెన్సిలూ వచ్చిన రోజు మాత్రం నా నోట్లోంచి ఆ సార్ గొంతే వస్తుంది. ఎంత కడుక్కున్నా పోదు.