మెమరీ కార్డు తీసి ఇచ్చే నేతగాడు

జూలై ముప్పై ఒకటి, బుధవారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఎమ్మిగనూరులో దుమ్ముగాలి వీస్తోంది. చేనేత సంఘంలో బట్టలు తనిఖీ చేసే ఉద్యోగంలో అది నా చివరి రోజు.

సంఘానికి చీరలు నేసే ఒక నేతగాడు ఎవరికైనా ఫోను ఇవ్వవలసి వస్తే, ముందు మెమరీ కార్డు తీసి చొక్కా జేబులో వేసుకొనేవాడు. నేను చూసిన ఆరేళ్లలో మూడు ఫోన్లు మార్చాడు. కార్డు మాత్రం అదే. ఇతరుల చీర అంచుల నమూనాలు ఫొటో తీసి దొంగిలిస్తున్నాడని నా అనుమానం.

ఆ రోజు తానే ఆ కార్డును నా బల్లమీద పెట్టాడు.

"ఆదోని బస్సుకు ఇంగా టైముంది గదా సార్. సూడు."

"ఇన్నాళ్లూ ఎందుకు దాచినావప్పా?"

"ఫోను సెడిపోతే ఇంగోటి కొంటా. ఇది పోతే నా మాట ఎవురు నమ్ముతారు?"

కార్డు నా ఫోనులో వేసి చూశాను. వెడల్పు తక్కువని నేను తిప్పి పంపిన అతని చీరలన్నిటి ఫొటోలూ అందులో ఉన్నాయి. ప్రతి చీరమీద అడ్డంగా కొలత టేపు, పక్కన నా సంతకంతో చీటీ. టేపును కూడా అనుమానించి, బొమ్మను పెద్దది చేశాను.

"అది సంఘం టేపే సార్," అన్నాడు.

అంకెలన్నీ రెండుసార్లు చదివాను. తిప్పి పంపినవి నలభై ఒకటి. నిజంగా వెడల్పు తగ్గినవి ముప్పై ఎనిమిది. నేను తప్పుగా తిప్పి పంపినవి మూడు.