పచ్చరంగు కింద పొగ

హనుమకొండ చౌరస్తాకు ఉత్తరాన, పైకప్పులో ఒక పక్క పెంకులు తీయించి గాజుపలకలు పరిపించుకొన్న ఇల్లు ఏలియా ఫొటోల దుకాణం. ఆ గాజుల గుండా దిగివచ్చే వెలుతురే అతనికి అన్నం పెట్టేది. అయినా ఆ వెలుతురును సైతం అతడు నమ్మేవాడు కాడు. మబ్బు కమ్ముకొంటుందేమో, ఫలకాలు కడిగే మందునీళ్లు విరిగినవేమో, ఎదుట కూర్చున్న పెద్దమనిషి సరిగ్గా సమయానికి రెప్ప వాలుస్తాడేమో అని అతని మనస్సు నిత్యం శంకిస్తూనే ఉండేది. భోజనానికి కూర్చున్నా, ఆదివారం ప్రార్థనలో మోకరించినా, తలుపు గడియ వేశానా లేదా అన్న చింత అతణ్ణి వదిలేది కాదు.

ఆ శంక ఊరక పుట్టినది కాదు. కెమెరాలో బొమ్మ పట్టే గాజుఫలకం ఉన్నది ఉన్నట్టు చెప్పదని అతనికి తెలుసు. సృష్టికర్త అడవులలో ఒలకబోసిన పచ్చదనమంతా ఆ ఫలకం మీదుగా కాగితానికి వచ్చేసరికి బొగ్గువలె నల్లబడిపోతుంది. నీలాకాశం వట్టి తెల్లగుడ్డవలె వెలవెలబోతుంది. కనుక ఏలియా ఫలకం మీద సీసపు పెన్సిలుతో మెల్లగా రుద్ది చెట్ల నలుపును తేల్చేవాడు. పటంలో తెల్లగా మెరిసే మరకలు అడ్డువస్తే, ఫలకం మీద ఆ చోటును సన్నకత్తితో గీకి మాపేవాడు. ఎప్పుడో వేరే ఫలకం మీద పట్టి దాచిన మబ్బులను తెచ్చి బోసి ఆకాశంలో నిలిపేవాడు. ఆ తరువాత కాగితపు పటం అతని భార్య కృపమ్మ చేతికి పోయేది. ఆమె పుల్లకు దూది చుట్టి, రంగులో ముంచి, కొండను మరల కొండగా చేసేది. లేతచిగురుకు ఒక పచ్చ, ముదురాకుకు ఒక పచ్చ, లోయలోని నీడకు నీలి కలిసిన పచ్చ. ఊళ్లో మనుష్యుల బొమ్మలు తీసేవారు మరికొందరున్నారు గాని, వానకు తడిసిన కొండను గోడమీద నిలబెట్టగలవారు ఈ దంపతులే.

నలభై ఏడో సంవత్సరం శ్రావణంలో మిషను దవాఖాన దొరసాని ఏలియాను పిలిపించి, రోగులు పండుకొనే గదికి ఒక పెద్ద కొండ బొమ్మ కావాలన్నది. కళ్లు తెరవగానే పచ్చదనం కనబడితే సగం జబ్బు తగ్గుతుందని ఆమె నమ్మకం. ఏలియా కెమెరా పెట్టె సర్దుకొని ములుగు దారి పట్టాడు.

ఆ దినాలు కొండలు చూడబోయే దినాలు కావు. నిజాము దొరతనాన్ని ఎదిరించే సంఘంలో చేరినవారు కొందరు ఊళ్లు విడిచి అడవులలో తలదాచుకొన్నారు. వారి జాడకోసం పోలీసులు పల్లెలు గాలిస్తున్నారు. కొత్త మనిషి కనబడితే సంఘంవారు పోలీసు వేగనుకొనేవారు, పోలీసులు సంఘపు వేగనుకొనేవారు. త్రాటిని చూచి పామని తలచడం ఆ యేటికి లోకాచారమైపోయింది.

ములుగు ఆవలి అడవిపల్లె మనిషి రాయమల్లును పెట్టెలు మోయడానికి కుదుర్చుకొన్నాడు ఏలియా. రాయమల్లు నడివయస్సువాడు, తేనెపట్లు దింపడం అతని వృత్తి. కెమెరాను మూడుకాళ్ల మీద నిలిపి ఏలియా నల్లగుడ్డ కింద తల దూర్చగానే అతడు దగ్గరికి వచ్చాడు.

"గుడ్డ కింద దూరి ఏం రాసుకుంటాండవ్, ఏలన్నా?"

"రాసుడేంది? బొమ్మ చూస్తాన. నువ్వు గూడ చూడు."

రాయమల్లు తల దూర్చి, వెంటనే వెనక్కు తీసుకొన్నాడు. "ఓరి నీ! కొండ తలకిందులైంది గద! గిది ఎవనికి పనికొస్తది, పోలీసోనికా?"

మాట నవ్వుతూ అన్నదే. కళ్లు మాత్రం నవ్వలేదు. ఏలియా అది గమనించాడు.

"ఈ కొండ వద్దే అన్నా. ఆ తుర్పు కొండ బొమ్మ దించు. దీన్ల ఏమున్నది, వట్టి బండలు."

"బండలేడున్నయి? నిలువెల్ల పచ్చగున్నది."

"జర ఇను. దానికి ఎండ మంచిగ పడ్తది."

"ఎండ సంగతి నాకు చెప్తాండవా రాయమల్లూ?"

అడిగినకొద్దీ అతడు తూర్పుకొండనే పొగిడాడు. ఏలియా తూర్పుకొండను ఒక ఫలకం మీద పట్టాడు. వద్దన్న కొండ అతని మనస్సులో ముల్లై నాటుకొన్నది. మనిషి ఊరక వద్దనడు. దారిదోపిడివాళ్లు కాచుకొని ఉన్నారా, లేక ఈ కొండ మీద వీడి తేనెపట్లున్నవా? రాయమల్లు వాగుకు నీళ్లకు పోయినప్పుడు ఏలియా కెమెరాను గిరుక్కున తిప్పి, వద్దన్న కొండను రెండవ ఫలకం మీద పట్టి, ఏమీ ఎరుగనివానివలె గుడ్డ మడుస్తూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చి పటాలు దింపితే తూర్పుకొండ పేలవంగా వచ్చింది. వద్దన్న కొండ మాత్రం, వానకడిగిన ప్రతి ఆకూ ఎంచుకోదగినట్టు, అద్భుతంగా వచ్చింది. కృపమ్మ ఆ పటానికి రంగులు వేస్తూ అన్నది:

"ఏమయ్యా, ఈ చెట్ల నడుమ తెల్లగ పోగు లెక్కున్నదేంది? ఎవలో పొయ్యి అంటువెట్టిండ్రు."

ఏలియా వంగి చూచాడు. కొండ నడుమ గుబురులోనుంచి సన్నని పొగ నిలువుగా లేస్తూ ఉంది. ఊరు లేని చోట, దారి లేని చోట పొయ్యి. రాయమల్లు ఎందుకు వద్దన్నాడో క్షణంలో తెలిసిపోయింది. ఈ పటం పోలీసుల కంటబడితే పొగ కింద తలదాచుకొన్న సంఘంవారెవ్వరూ మిగలరు, రాయమల్లూ మిగలడు. చూచినది చెప్పలేదని తనకూ సంకెలే.

"ఇది చెడిపోయింది. అవతల పారెయ్యి" అన్నాడు పొడిగా.

"మంచిగనే ఉన్నది గదా?"

"అన్నీ నీకు చెప్పాల్నా?"

చెబితే చర్చి వాకిట ఆడవారి నోట పడుతుందని అతని భయం. ఆమె మూతి ముడుచుకొని లేచిపోయింది. ఏలియా తలుపు బిగించుకొని, ఫలకం మీద పొగ ఉన్నచోటును సన్నకత్తితో గీకి, పెన్సిలుతో కొమ్మలు రెమ్మలు సరిచేశాడు. కొత్తగా దింపిన పటంలో పొగ లేదు. కొండ మాత్రం మునుపటి పచ్చదనంతో నిలిచింది.

మరునాడు అమీను సాబు వచ్చాడు. ఆ పోలీసు అధికారి తన బొమ్మ తీయించుకొని, చట్రం కట్టమని ఇచ్చి ఉన్నాడు. దానికోసమే వచ్చినా, అతని కళ్లు దుకాణమంతా కలియజూచాయి.

"ఏం ఏలియా, ములుగు దిక్కు పోయినవంట?"

"దవాఖాన బొమ్మకు పోయిన హుజూర్."

"సంఘపోల్లకు నక్షాలు గీస్తాండవని ఒకడు చెప్పిండు. అబద్ధమే అయుంటది, ఫికర్ జేయకు." అంటూనే బల్లమీది ఫలకం తీసి, కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టాడు. గీకిన చోటు తళుక్కుమన్నది. "ఈడ గీకినవేంది? ఏం దాస్తాండవ్?"

ఏలియా అరలోనుంచి ఇంకొక ఫలకం తీసి అతని చేతికిచ్చాడు. అది అమీను సాబు ముఖమే. చెంపలనిండా పెన్సిలు గీతలు అల్లుకొని ఉన్నాయి.

"స్ఫోటకం మచ్చలు కానరాకుండ చేసిన హుజూర్. మనిషి మొకం మీద మచ్చ దిద్దుతం, కొండ మీద మరక గీకుతం. మా పనే గిది."

అమీను చేయి తెలియకుండానే తన చెంప మీదికి పోయింది. ఫలకం బల్లమీద పెట్టి, "ఈ ముచ్చట బజార్ల చెప్పకు" అని, చట్రం చంకన పెట్టుకొని వెళ్లిపోయాడు.

ఏలియా ఊపిరి పీల్చుకొని, పొగ ఉన్న పాతపటాన్ని పొయ్యిలో వేద్దామని వెదికాడు. ఎక్కడా లేదు.

"కృపా, ఆ చెడిపోయిన పటమేది?"

"చట్రంల పెట్టిన. చెక్క గరుకుగున్నది, అమీను సాబు బొమ్మకు గీతలు పడ్తయని."

చెడిన పటాలను పారవేయక బొమ్మకూ చెక్కకూ నడుమ అడ్డంగా అమర్చడం ఆ దుకాణపు వాడుక. యుద్ధకాలంనుండి కాగితం దొరకక ఏలియాయే ఆమెకు నేర్పిన పొదుపు అది. అతడు గోడకు ఆనుకొని కూలబడి, అప్పుడు మొదటిసారిగా సంగతంతా చెప్పాడు.

కృపమ్మ విన్నది. "ముందుగల్ల చెప్తె పెడుదునా? కట్టుకున్నదాన్ని గూడ నమ్మకుంటివి" అన్నది. కన్నీళ్లు పెట్టలేదు. రంగుల పెట్టె తీసింది. "నల్లబొమ్మకు రంగేస్తమని పోదం నడువు. ఆడోల్ల లోపటికి నువ్వు పోలేవు, నేను పోత."

అమీను ఇంటి వసారాలో ఏలియాకు నిలుచున్నచోట కాళ్లు కాలినట్టున్నది. లోపల పరదా వెనుక కృపమ్మ. ఎదుట బల్లమీద అమీను.

"అడగకుండ వచ్చి రంగేస్తాండవ్. నీ కడుపుల ఏదో ఉన్నది."

"వానకాలం బేరం లేదు సాబ్. మీ బొమ్మ చూసి నలుగురొస్తరని ఆశ."

"నువ్వు దించిన కొండ ఏడున్నది? ఒకసారి పోయి చూడాల్ననుంది."

"మీ దయ" అన్నాడు ఏలియా. లోపల ఎవరో నవ్వారు. తరువాత చాలాసేపటిదాకా కృపమ్మ బయటికి రాలేదు.

"ఇంతసేపు ఏం చేస్తాండ్రు?" అమీను లేచి పరదా వైపు నడిచాడు. అంతలో పరదా కదలి కృపమ్మ వచ్చింది. చేతిలో రంగుల పెట్టె తప్ప మరేమీ లేదు. ఏలియా ఆ ఉత్త చేతులనే చూస్తూ బజారు దాకా నడిచాడు.

"పటమేది?"

"ఆడనే ఉన్నది."

"సంపినవ్ పో!"

"జర ఇను. చట్రం ఇప్పంగనే ఆ అమ్మ చూసి గుంజుకున్నది. మా దిక్కు గిసొంటి కొండలు లేవు, ఇది నాకియ్యమన్నది. గీ తెల్లగున్నదేంది అని పొగ మీద్నే వేలు పెట్టింది. నా పానం పోయినట్టైంది. ఈడ ఇంక రంగు పట్టలేదమ్మా, నువ్వే పెట్టు అని పుల్ల చేతికిచ్చిన. పసిపిల్ల లెక్క నవ్వుకుంట పొగంత ముదురు పచ్చ పెట్టింది. నేను రెండు కొమ్మలు దిద్దిన. ఆమె మంచం పక్కన పెట్టుకున్నది."

ఏలియా నిలిచిపోయాడు. పోలీసుల ఇంట, పోలీసు ఇల్లాలి చేతనే పొగ ఆరిపోయింది. దైవలీల అని చేతులు జోడించబోయి, మధ్యలో ఆగాడు.

"మందంగ పెట్టిందా? ఎండ తగిల్తె రంగు ఎగిరిపోతది, పొగ మళ్ల తేల్తది."

"పరదాల ఎనుక ఎండ ఏడిదయ్యా!"

ఆ మాట అతణ్ణి పూర్తిగా ఊరడించలేదు. అమీనుకు బదిలీ అయి సామాను బండ్ల కెక్కిన దినం దాకా, చౌరస్తాలో ఎండ కాసినప్పుడల్లా అతడు ఆ ఇంటి కిటికీ వైపు చూస్తూనే ఉన్నాడు. దవాఖాన గోడ మీది కొండ మాత్రం చాలామంది రోగులకు చల్లగా కనబడింది.

చలికాలంలో ఒకనాడు రాయమల్లు తేనె బుర్ర పట్టుకొని దుకాణం గడపలో కూర్చున్నాడు. బల్లమీద ఉన్న దవాఖాన బొమ్మ రెండవ ప్రతిని చూచి కొండను గుర్తుపట్టాడు. చూపు సరిగ్గా ఆ నడుమ గుబురు మీద ఆగింది.

"నేను నీల్లకు పోంగ దీన్ని గూడ దించినవన్న మాట. ఈడ ఏమన్న కనవడ్డదా ఏలన్నా?"

"ఏమున్నది? వట్టి చెట్లు."

రాయమల్లు చాలాసేపు అతని ముఖంలోకి చూచాడు. తేనె బుర్ర గడపమీద పెట్టి, వెల అడగకుండా వెళ్లిపోయాడు.

కృపమ్మ గిన్నె తెచ్చింది. ఏలియా బుర్రను వెలుగుకు ఎత్తి చూచి, వాసన చూచి, "ముందు పిల్లికి పెట్టు" అన్నాడు. ఆమె నవ్వి, బుర్ర అందుకొని, తనే మొదట వేలు ముంచి నోట పెట్టుకొన్నది.