తలంబ్రాల దగ్గర చెదిరిన బొమ్మ

పోయిన ఆదివారం నల్లపాడు నుంచి ఫోన్ వచ్చింది. మా పెద్దమ్మ పోయింది. భూస్థాపన నాడు పాస్టరు గారు, "ఆమె ఒకరినీ నొప్పించి ఎరగని సాత్వికురాలు" అన్నారు. ముందు వరసలో కూర్చున్నవాళ్లం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా పెద్దమ్మ నొప్పించనివాళ్లు ఆ గుడిలో ఎవరైనా ఉంటే, వాళ్లు ఆమెతో ఎన్నడూ మాట్లాడి ఉండరు. పోయినవాళ్లందరికీ ఒకే కొలతతో కుట్టిన పొగడ్త తొడగడం మనకి అలవాటు. ఆమెకి అది పట్టదు.

ఆడపిల్లల హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. పేపరు చదువుతూ "అని సమాచారం", "అని తెలిసింది" అన్న చోటల్లా ఎర్ర సిరాతో గీత గీసి, చివర సున్నా వేసి అవతల పడేసేది. తప్పు చేసినవాణ్ణి క్షమించేది గానీ చూడకుండా చెప్పేవాణ్ణి క్షమించేది కాదు. పత్తికి తెగులెందుకు వచ్చిందో, బస్సెందుకు ఆలస్యమైందో ఎవరైనా ధీమాగా చెబుతుంటే కళ్లజోడు పైనుంచి చూసి ఒకటే అడిగేది: "చూశావా, అనుకున్నావా?" ఆ తర్వాత ఆ మనిషి కాఫీ తాగి వెళ్లిపోవడమే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో గుంటూరులో నాకు వీడియో షాపు ఉండేది. పెళ్లి క్యాసెట్లు పోయి సీడీలు వచ్చిన కాలం. కెమెరా టేపులో ఉన్నదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, హంగులు చేర్చి, సీడీలో పట్టేట్టు కుదించి ఇవ్వాలి. నాది కెమెరా. మిక్సింగ్ చేసే ఆయన వేరే ఉండేవాడు. వేళ్లనిండా ఉంగరాలు, మాటకి ముందో ఇంగ్లీషు ముక్క. తలంబ్రాలు మొదలవగానే తెరనిండా గులాబీ రేకులు కురిపించడం ఆయన దృష్టిలో కళ. సినిమావాళ్లు తనని ఇంకా గుర్తించలేదని ఆయన బాధ.

ఉన్నట్టుండి సీడీలు తిరిగి రావడం మొదలైంది. సరిగ్గా తలంబ్రాల దగ్గర బొమ్మ చెదిరిపోయి, పెళ్లికూతురి మొహం గళ్లలుంగీలా అయ్యేది. కారణాలకి మాత్రం కొదవ లేదు. కంప్యూటర్ అమ్మినవాడు వైరస్ అన్నాడు. పక్క షాపాయన ఓల్టేజీ అన్నాడు. మిక్సింగాయన ఏకంగా టేపులు అరిగిపోయాయని తీర్పు చెప్పేశాడు. ఒక్కడూ టేపు పెట్టి చూసిన పాపాన పోలేదు. మన ఊళ్లలో నిపుణుడంటే అందరికంటే గట్టిగా అనుకునేవాడు.

అప్పుడు దర్శి నుంచి ఒకమ్మాయి వచ్చింది. పెళ్లయిన కొన్నాళ్లకే వాళ్ల నాన్న పోయాడు. పెళ్లంతా పనులమీద తిరుగుతూ కెమెరాకి దొరకని మనిషి, తలంబ్రాలప్పుడు ఒక్కసారి కూతురి వెనక వచ్చి నిలబడ్డాడు. సీడీలో అక్కడే గళ్లు.

"మా నాన్న మొహం ఒక్కటి బాగుచేసివ్వండన్నా" అంది.

"టేపే పోయిందమ్మా, ఇంక నో ఛాన్స్" అన్నాడు మిక్సింగాయన. అంటూనే ఆ టేపుని, మర్నాడు సింగరాయకొండ పెళ్లి దానిమీదే తీయడానికి నా కెమెరా సంచిలో వేశాడు.

పెద్దమ్మ ఏదో పనిమీద వచ్చి మూల కుర్చీలో కూర్చుని ఉంది. "పోయిన టేపు మీద రేపు ఇంకో పెళ్లెలా తీయిస్తావయ్యా?" అంది. "చూశావా, అనుకున్నావా?"

ఆయన ఉంగరాలు తిప్పుకున్నాడు. నేను టేపు తీసి కెమెరాలో పెట్టి టీవీకి బొమ్మ వైరు ఒక్కటే తగిలించాను. మాటలతో మాకెప్పుడూ పని లేదు, ఎలాగూ చెరిపి పాట వేస్తాం. టేపులో ఆ పిల్ల వాళ్ల నాన్న మొహం శుభ్రంగా ఉంది. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ అటు చూడలేదు.

"టేపు బాగుంది. తర్వాత?"

కంప్యూటర్లోకి ఎక్కించిందీ బాగుంది. కుదించాక, సీడీ మీదికి ఎక్కకముందే గళ్లున్నాయి. అంటే సీడీదీ తప్పు కాదు.

"నిఖా సీడీలు తిరిగొచ్చాయా?"

ఆలోచించాను. ఒక్కటీ రాలేదు.

"మన చర్చి పెళ్లిళ్లు?"

"బయటికొచ్చేటప్పుడు రంగు కాగితాలు చల్లుతారే, అక్కడ కాస్త."

"కుదించేటప్పుడు సెకను బొమ్మకి ఇంత చోటని ఏమన్నా లెక్క పెడతారా?"

"సీడీకి ఇంతే అని ఉంటుంది పెద్దమ్మా."

"కదిలినా ఇంతే, కదలకపోయినా ఇంతే. రేషన్ బియ్యం. నిఖాలో అందరూ కుదురుగా కూర్చుంటారు, సరిపోయింది. ఇక్కడ ఎగిరే ప్రతి గింజకీ వాటా కావాలి. తలంబ్రాలంటే తప్పదు. ఈ పూలెవరివి?"

"అది క్లాస్ లుక్ మేడం" అన్నాడు మిక్సింగాయన. "పూలు తీసేస్తే పెళ్లిలా ఉండదు."

"ఆ పిల్ల వాళ్ల నాన్న కోసం వచ్చింది, నీ పూల కోసం కాదు. పూలు పోసి మనిషి మొహాన్ని పూడ్చిపెట్టావు. తీసెయ్."

పూలు తీసేసి మళ్లీ కుదించడానికి మధ్యాహ్నమంతా పట్టింది. గింజల చుట్టూ కొన్ని గళ్లు మిగిలాయి గానీ మొహం నిలిచింది. మిక్సింగాయన ఇప్పుడు ఎక్కడో పెద్ద స్టూడియో నడుపుతున్నాడట, ఇప్పటికీ పూలు కురిపిస్తూనే ఉన్నాడట. చూడలేదు, అనుకుంటున్నాను.

కొత్త సీడీ వేశాం. సినిమా పాట మోగుతుంటే తెరమీద వాళ్ల నాన్న పెదవులు కదులుతున్నాయి.

"ఏదో అంటున్నాడు" అంది ఆ పిల్ల.

"ఈ పాట వెయ్యమని ఎవరడిగారు?" అంది పెద్దమ్మ. "ఏరా, టేపు పెట్టు. రెండోది, ఆ మాటల వైరు కూడా తగిలించు."

మేళం మోత వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. "ఒరేయ్, పెద్దాళ్లు నిలబడున్నార్రా, కుర్చీలు ఇటు వెయ్యండి. నా కూతురి పెళ్లి నన్ను కాసేపు చూడనివ్వరా?"

"ఇంకోసారండీ" అంది ఆ పిల్ల.

క్లాసులో చెప్పిందే మళ్లీ చెప్పమంటే బయట నిలబెట్టే మనిషి మా పెద్దమ్మ. లేచి తన కుర్చీ ఆ పిల్లకిచ్చి, కెమెరా పక్కన నిలబడి, బటన్ తానే నొక్కి టేపు వెనక్కి తిప్పింది. అది అయిపోగానే, ఆ పిల్ల అడక్కముందే, మళ్లీ తిప్పింది.